ఒక గడియ

మా అమ్మాయి మళ్లీ ఉద్యోగంలో చేరడానికి పన్నెండు రోజులుందనగా జగ్గయ్యపేటలో మెడికల్ షాపుకెళ్లి "పాలు పిండే పంపు కావాలి బాబూ" అన్నాను. కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే ఒక అట్టపెట్టె నా ముందుకు తోశాడు. లోపల గాజు గరాటు, దాని వెనక ఎర్ర రబ్బరు బుడ్డి. పాతకాలపు లారీ హారన్‌లా ఉంది. నూట ఎనభై రూపాయలు. బేరమాడకుండా కొన్నాను. మా ఊరు చిల్లకల్లు వచ్చే షేర్ ఆటోలో కూర్చుని, ఇంత చవకలో పనైపోయిందని సంతోషపడ్డాను కూడా.

ఆ సంతోషం సాయంత్రం దాకా నిలవలేదు. అమ్మాయి నాలుగుసార్లు బుడ్డి నొక్కి వదిలేసరికి చనుమొన ఎర్రగా కందిపోయింది. గాజులో చేరినవి పట్టుమని పది చుక్కలు. ఆ చుక్కల్లో సగం రబ్బరు బుడ్డిలోకి జారిపోయాయి. బుడ్డి లోపలికి వేలు పోదు, బ్రష్ పోదు. మర్నాటికి పులిసిన వాసన. ఇలాంటి వాటిలో లోపల మిగిలిన పాలలో సూక్ష్మజీవులు పెరుగుతాయని, లాగుడు మన అదుపులో ఉండదని అమ్మాయి చదివి చెప్పింది. వస్తువు ఎలా పనిచేస్తుందో చూడకుండా ధర చూసి కొన్నది నేనే. అందుకే ఈ నాలుగు మాటలు.

మాది మిరప, పత్తి పండే మెట్ట ప్రాంతం. ఇక్కడ అందరి నోటా ఉండే మాట గిట్టుబాటు. చవకకూ గిట్టుబాటుకూ ఉన్న తేడా రైతుకు ఒకరు నేర్పక్కర్లేదు. చవక విత్తనం కొన్నవాడు మొలక రాక రెండోసారి దుక్కి దున్నుతాడు. పంపు దగ్గరా అంతే జరిగింది.

అప్పటికి మనవరాలికి నిండా ఐదు నెలలు లేవు. 2017లో చట్టం మార్చి ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. మంచి మార్పు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దంటారు డాక్టర్లు. 26 వారాలంటే సరిగ్గా ఆరు నెలలే, లెక్క కుదిరిందనుకుంటాం. కానీ ఆ 26 వారాల్లో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. నిండు నెలలతో రోజూ బస్సెక్కలేక మా అమ్మాయి ఐదు వారాలు ముందే వాడుకుంది. మిగిలినవి 21 వారాలు. అంటే ఐదో నెల నిండకముందే బిడ్డను వదిలి ఆఫీసుకు పోవాలి. ఆ మిగిలిన నెల రోజుల ఖాళీని పూడ్చడానికే పంపు కావాల్సి వచ్చింది. ఆరు నెలల తర్వాత కూడా పాలు కావాలి గానీ, అప్పటికి బిడ్డకు మెత్తని అన్నం, పప్పుకట్టు తోడవుతాయి. మాకు గండం ఆ నెలే.

డబ్బాపాలు పట్టొచ్చు కదా అన్నవాళ్లున్నారు. పట్టక తప్పని తల్లులుంటారు, వాళ్లను ఒక్క మాట అనను. మా దగ్గర పాలుండగా డబ్బా ఎందుకన్నదే మా ఆలోచన. ఖర్చు చూసినా, 400 గ్రాముల డబ్బా పూర్తిగా దాని మీదే ఉన్న బిడ్డకు నాలుగైదు రోజులకు మించి రాదు. మూడు నాలుగు డబ్బాల డబ్బు పెడితే మంచి చేతిపంపు వస్తుంది.

నా రోజుల్లో పంపు మాటే వినలేదు. టీచరుగా సెలవైపోయి బడిలో చేరేనాటికి మా అమ్మాయికి మూడో నెల. పదిన్నరకల్లా రొమ్ములు రాళ్లలా బిగిసేవి. జాకెట్టు లోపల పాత నూలు చీర ముక్కలు మడతపెట్టి పెట్టుకునేదాన్ని. పక్కగదిలో అంగన్‌వాడీ నడిచేది. ఒకరోజు ఏడో తరగతికి సంధులు చెబుతుంటే ఆ గదిలో ఎవరి పిల్లో గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు నా పిల్లది కాదు. అయినా నా పాలు దిగిపోయాయి. నల్లబల్ల వైపు తిరిగి, కొంగు నిండుగా కప్పుకుని, ఆ పీరియడ్ అయ్యేదాకా పిల్లలకు ముఖం చూపించలేదు. మధ్యాహ్నం బడి వెనక గోడ చాటుకు పోయి చేత్తో పిండి వేపచెట్టు మొదట్లో పోసేదాన్ని. తొక్కుడులో పడకూడదని మా అమ్మ చెప్పి పంపింది. ఇంటి దగ్గర పిల్ల ఆకలికి చెయ్యి చీక్కుంటుంటే, ఇక్కడ చెట్టుకు పాలు పోయడం! ముప్పై ఏళ్లు దాటినా ఆ వేపచెట్టు నాకు కళ్లకు కట్టినట్టుంటుంది.

ఆ ఏడుపుకు పాలెందుకు దిగాయో మా అమ్మ ఒక్క ముక్కలో చెప్పింది, "చేపొచ్చిందే నీకు" అని. ఈ మాట పాడి ఉన్న ఇళ్లలో అందరికీ తెలుసు. పొదుగు నిండా పాలున్నా గేదె చేపితేనే దిగుతాయి. దూడ వచ్చి నాలుగు కుమ్ములు కుమ్మాలి, గేదె దాన్ని నాకాలి, అప్పుడు చన్నుల్లోకి పాలు దూకుతాయి. కొట్టంలోకి కొత్త మనిషి వచ్చినా, కుక్క మొరిగినా ఎగచేపుతుంది. ఇక ఎంత పిండినా చెంబు అడుగు తడవదు. డాక్టర్లు దీన్నే ఆక్సిటోసిన్ అనే హార్మోను పేరుతో చెబుతారు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి అది రక్తంలోకి రాగానే పాలతిత్తుల చుట్టూ ఉన్న కణాలు బిగిసి పాలను ముందుకు నెడతాయి. బిడ్డ నోరు తగిలినా, ఏడుపు వినపడినా, ఒక్కోసారి ఊరికే తలుచుకున్నా చాలు. భయం, సిగ్గు, తొందర ఉంటే అది ఆగిపోతుంది. తల్లి శరీరానికి ఈ పట్టింపు ఉందని తెలియని వాడు ఎంత గొప్ప మోటారు బిగించినా వృథా.

పంపు చేసినవాళ్లకూ ఈ సంగతి తెలియడానికి చాలాకాలం పట్టింది. 1920ల్లో కరెంటు పంపు తయారుచేసిన వాళ్లలో ఎడ్వర్డ్ లాస్కర్ అనే చదరంగ వీరుడున్నాడు, వృత్తికి ఇంజనీరు. తర్వాత స్వీడన్‌లో ఐనార్ ఎగ్నెల్ అనే ఇంజనీరు రొమ్ము ఎంత లాగుడును తట్టుకుంటుంది, లాగుడుకూ వదులుకూ మధ్య ఎంత విరామం ఉండాలని కొలిచి, 1950ల్లో ఆసుపత్రులకు పనికొచ్చే యంత్రం తెచ్చాడు. బిడ్డను గమనిస్తే ఈ పంపుల కిటుకు తెలుస్తుంది. రొమ్ము అందుకోగానే గబగబా చిన్న గుక్కలు వేసి తల్లిని చేపిస్తుంది. పాలు పడ్డాక నెమ్మదిగా, లోతుగా మింగుతుంది. మంచి పంపు ఈ రెండు నడకలనూ పోలి నడవాలి.

రెండో పంపు హైదరాబాద్‌లో ఉన్న మా బంధువులమ్మాయి ఇచ్చింది, తను వాడి పక్కన పెట్టిన మోటారు పంపు. ప్రేమగా ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. గొట్టం వెలుతురులో పెట్టి చూస్తే లోపల నల్లచుక్కలు, బూజు. పాలు వెనక్కి మోటారులోకి పోకుండా మధ్యలో పొర అడ్డంగా ఉండే పంపులు వేరు. ఇందులో ఆ పొర లేదు. ఒకరి కోసం చేసిన పంపు మరొకరు వాడకూడదనేది ఇందుకే. ఆసుపత్రుల్లో చాలామంది తల్లులు వాడేవి వేరే రకం, వాటి నిర్మాణమే వేరు. నెలలు నిండకుండా పుట్టి అద్దాలపెట్టెలో ఉన్న బిడ్డల తల్లులకు అవి ప్రాణాధారం. ముంబై సయన్ ఆసుపత్రిలో 1989లో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ తల్లిపాల బ్యాంకు పెట్టింది, 2017లో హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 'ధాత్రి' వచ్చింది ఇలాంటి బిడ్డల కోసమే. అలాంటి తల్లికి రోజుకు ఎనిమిదిసార్లు, రెండు వైపులా ఒకేసారి పిండే కరెంటు పంపు కావాలి. అక్కడ ఖర్చుకు వెనకాడకూడదు.

మా అమ్మాయికి కావాల్సింది అంత పెద్దది కాదు. పొద్దున ఎనిమిదింటికి చిల్లకల్లులో బస్సెక్కితే సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరుతుంది. పదిన్నర గంటలు. తల్లిపాల మీదున్న బిడ్డకు గంటకు సుమారు ముప్పై మిల్లీలీటర్ల లెక్కన మూడు వందల పైచిలుకు కావాలి. తెల్లవారుజామున ఇంట్లో ఒకసారి, ఆఫీసులో రెండుసార్లు పిండితే సరిపోతాయి. ఆ రెండుసార్లకు చేతిపంపు చాలని తేల్చుకున్నాం. మీట నొక్కేది తన చెయ్యే కాబట్టి మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా అన్న నడక తన ఇష్టం. చప్పుడుండదు, కరెంటు అక్కర్లేదు. మోటారుదైతే ఆ బుర్రుమనే శబ్దానికి పక్కబల్ల వాళ్లు తొంగిచూస్తారేమోనని అమ్మాయి భయం.

పదకొండు వందలు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించాం. ఐదే భాగాలు: గరాటు, మీట, సిలికాన్ పొర, బాతుముక్కులాంటి చిన్న వాల్వు, సీసా. అన్నిటికీ బ్రష్ తగులుతుంది. మొదటిరోజు మళ్లీ నొప్పే. పంపు మంచిదే గానీ గరాటు మెడ వెడల్పు ఎక్కువ. చనుమొన అడ్డకొలత మిల్లీమీటర్లలో కొలిచి, దానికి రెండు మూడు మిల్లీమీటర్లు కలిపితే గరాటు సైజు వస్తుంది. చుట్టూ ఉండే నల్లని భాగాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అమ్మాయి తలుపేసుకుని నా స్కూలు స్కేలుతో కొలుచుకుంది, పందొమ్మిది. పెట్టెలో వచ్చింది ఇరవై నాలుగు. లోపల తొడిగే సిలికాన్ రింగు రెండు వందలకు దొరికింది. అది తొడగ్గానే నొప్పి పోయింది, పాలూ పెరిగాయి. ఇంత చిన్న సంగతి పెట్టె మీద తెలుగులో ఒక్క ముక్క రాసి ఉంటే ఎంతమంది తల్లులు 'నాకు పాలు లేవు' అనుకోకుండా ఉండేవాళ్లో! పాలు ఉన్నాయి, గరాటు కొలత కుదరలేదు, అంతే.

వాల్వు సంగతి కూడా చెప్పాలి. చిటికెన వేలి గోరంత సిలికాన్ ముక్క. దాని చీలిక కాస్త సాగినా లాగుడు పోతుంది. మన దగ్గర షాపుల్లో విడిగా దొరకదు. అందుకే పంపు కొనేముందు దాని వాల్వు విడిగా అమ్ముతారా, ఎంతకమ్ముతారు అని చూడాలి. మేము రెండు అదనంగా కొని బియ్యం డబ్బా పక్కన పెట్టుకున్నాం.

తర్వాత ఎండ గొడవ. పిండిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయని పుస్తకాల్లో రాస్తారు. మార్చి దాటితే మా గదుల్లో 25 డిగ్రీలెక్కడివి? ఎండాకాలం వార్తల్లో మా పక్కనున్న నందిగామ పేరు వినని రోజుండదు. ఖరీదైన కూల్‌బ్యాగులు చూసి, చివరికి వెడల్పు మూతి స్టీలు ఫ్లాస్కు కొన్నాం. అందులో సగానికి ఐసు ముక్కలు, మధ్యలో మూత బిగించిన సీసా. సాయంత్రం దాకా ఐసు పూర్తిగా కరగలేదు. ఇంటికి రాగానే నేరుగా ఫ్రిజ్ లోపలి అరలోకి.

మా అమ్మకు ఇదేదీ నచ్చలేదు. ఎనభై దాటిన మనిషి. "పిండి దాచినవి పాచిపాలే. పసిదానికి పోస్తారా?" అంది. పైగా దిష్టి భయం, సీసా నలుగురి కంటా పడకూడదంది. ఆవిడ కోసం సీసాను మూతున్న స్టీలు గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. మర్నాడు తీసి చూస్తే పైన పసుపుపచ్చని మీగడ పొర, కింద నీలంగా పలచని నీళ్లు. నాకూ గుండె జారింది, విరిగాయేమోనని. అమ్మాయి సీసాను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచి, మెల్లగా అటూ ఇటూ తిప్పింది. రెండూ కలిసిపోయి మామూలు పాలయ్యాయి. నిలవ ఉంచితే పాలలోని కొవ్వు తేలిక కాబట్టి పైకి తేలుతుందట. అమ్మ వేలిమీద చుక్క వేసుకుని నాలిక్కి రాసుకుంది. "తియ్యగానే ఉన్నాయే" అంది. తన ట్రంకుపెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన వెండి ఉగ్గుగిన్నె తీసింది. నాకు, నా తమ్ముడికి, మా అమ్మాయికి పట్టిన గిన్నె అది. పాలసీసాల ప్రకటనలను మన దేశం 1992లోనే చట్టం చేసి ఆపింది, సీసా బదులు గిన్నె, చెంచా వాడమని డాక్టర్లు చెబుతున్నారు. మా అమ్మ ఇవేవీ చదవలేదు. ఒళ్లో పిల్లను నిలువుగా కూర్చోబెట్టి, గిన్నె ముక్కు కింది పెదవికి ఆనించి, అది నాలుకతో అందుకునేదాకా ఆగింది. నోట్లో పొయ్యలేదు.

ఇదంతా జీతం, ఫ్రిజ్ ఉన్న ఇంటి కథ. మా ఇంటి వెనక పొలాల్లోకి మిరపకోతలకు వచ్చే పిల్లతల్లులకు 26 వారాల సెలవు లేదు. కేంద్రం ఇచ్చే మాతృవందన డబ్బు మొదటి కాన్పుకు ఐదువేలు. అది ఎన్ని కూలిరోజులు? మొన్న కోతల్లో ఒక పిల్ల గట్టు మీద చెట్టుకు చీర ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టింది. బిడ్డ ఏడవగానే పరుగెత్తుకొచ్చి, రొమ్ము ఇవ్వలేక నిలబడిపోయింది. చేతులకు మిరప ఘాటు. మా నీళ్ల పంపు దగ్గరకొచ్చి సబ్బుతో మూడుసార్లు కడిగి, కొబ్బరినూనె అడిగి రాసుకుని తుడుచుకుని, అప్పటికీ భయపడుతూ మోచేత్తోనే బిడ్డను ఎత్తుకుంది. ఆమె బిడ్డ ఆమె దగ్గరుంది, మా అమ్మాయికి ఆ భాగ్యం లేదు. మా అమ్మాయి చేతులకు మంట లేదు, ఆమెకు ఆ భాగ్యం లేదు. ఎవరి కష్టం ఎక్కువని తూచే తక్కెడ నా దగ్గర లేదు. ఆమెకు నేను చేత్తో పిండటం చూపించాను. బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద, నల్లని భాగానికి కాస్త వెనగ్గా పట్టుకుని, ముందు గుండె వైపు అదిమి ఆ తర్వాత వేళ్లు దగ్గరికి నొక్కాలి. పైసా ఖర్చు లేని పద్ధతి. పంపు కొన్న తల్లి కూడా ముందు నేర్చుకోవాల్సింది ఇదే. వాల్వు చెడిన రోజు ఆదుకునేది చెయ్యే.

ఇన్ని చేసినా అసలు చిక్కు ఆఫీసులో వచ్చింది. నందిగామలో ఒక ప్రైవేటు ఆఫీసు, పదిహేనుమంది సిబ్బంది. యాభైమంది ఉంటే శిశుగృహం పెట్టాలని చట్టం, వీళ్లకు అది వర్తించదు. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలని 1961 నాటి చట్టంలోనే రాశారు. అడిగితే ఇచ్చారు. చోటు మాత్రం పాత ఫైళ్ల గది. ఆ తలుపుకు పిడి ఉంది, గడియ ఊడిపోయింది.

ఇంట్లో నూట ఇరవై మిల్లీలీటర్లు పిండే పిల్ల అక్కడ ముప్పైతో తిరిగొచ్చింది. రెండోరోజు ఇరవై. కుర్చీ తలుపుకు అడ్డంపెట్టి, వీపు ఆనించి, ఒక చేత్తో కొంగు, ఒక చేత్తో పంపు. బయట చెప్పుల చప్పుడైతే చాలు, పాలు ఎక్కడివక్కడే ఆగిపోయేవట. నిండిన రొమ్ము ఖాళీ కాకపోతే శరీరం పాలు చేయడమే తగ్గిస్తుంది. వారానికి ఇంటి దగ్గరా తగ్గాయి. ఒక వైపు గడ్డకట్టి జ్వరమొచ్చింది. గడియ వేయించమని అడిగింది, "చూద్దాం" అన్నారు. పదకొండు రోజులు చూశారు. అమ్మాయి రాత్రి ఫ్రిజ్ తెరిచి ఖాళీ అర చూసి ఏడ్చింది. మా అమ్మ మంచం మీంచే, "పంపు మార్చకండే. కొట్టంలో కొత్తవాళ్లు తిరుగుతుంటే ఏ గేదె చేపుతుంది?" అంది.

రాత్రంతా ఆ మాటే చెవిలో ఉంది. తెలుగులో గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు, రోజుకు అరవై గడియలు. తలుపుకు వేసేదీ గడియే. చేతిపంపుతో రెండు వైపులా పిండి, కడిగి, సీసా ఫ్లాస్కులో పెట్టడానికి సరిగ్గా అంతే పడుతుంది, ఒక గడియ. చట్టం మా పిల్లకు ఒక గడియ ఇచ్చింది. రెండోది ఎవరూ ఇవ్వలేదు.

శనివారం జగ్గయ్యపేట వెళ్లి ఇనప సామాన్ల కొట్లో అరంగుళం లావు గడియ కొన్నాను, స్క్రూలతో కలిపి అరవై ఐదు రూపాయలు. ఆ ఆఫీసులో ఊడ్చి తుడిచే ఆవిడ తమ్ముడు వడ్రంగి. సాయంత్రం అందరూ వెళ్లాక అతను వచ్చి బిగించాడు, కూలి తీసుకోలేదు. ఆవిడ ముగ్గురు పిల్లల తల్లి. గడియను రెండుసార్లు వేసి తీసి చూసి, "మా రోజుల్లో గుడ్డ గట్టిగా బిగించి కట్టుకుని పనిచేసేవాళ్లం అమ్మా" అందట మా అమ్మాయితో.

పంపు ఖాతా నా డైరీలో ఉంది. రబ్బరు బుడ్డి నూట ఎనభై, చేతిపంపు పదకొండు వందలు, రింగు రెండు వందలు, వాల్వులు రెండు వందల నలభై, ఫ్లాస్కు ఏడు వందల యాభై, గడియ అరవై ఐదు.

సోమవారం పన్నెండు గంటలకు ఫోన్. "అమ్మా, చేపొచ్చిందే. నూట పది" అంది, మధ్యాహ్నం కూడా పిండి తెస్తానంది. వెళ్లి మా అమ్మకు చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. కడిగిన ఉగ్గుగిన్నెను అరుగు మీద ఎండలో బోర్లించి, ఈగలు వాలకుండా పైన పలచని గుడ్డ కప్పి లోపలికొచ్చింది.

"ఆ పాలు రేపటికా?" అంది.

"రేపటికే" అన్నాను.